నూటికి ఎన్ని పడ్డాయి

మా మరిదిని వీధిలో అందరూ ఫోన్ల డాక్టరు అంటారు. బస్‌స్టాపు ఎదురుగా, మందుల షాపును ఆనుకుని మంచమంత కొట్టు అతనిది. పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు, నీళ్ళలో పడ్డ ఫోన్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఆవగింజంత మరలను పళ్ళెంలో వరసగా పేర్చుకుని, ఒక్కటి కూడా కింద పడకుండా పని చేసేవాడు.

మధ్యాహ్నం రెండింటికి షట్టరు దించి ఇంటికొచ్చి, భోజనం చేసి, నాలుగు దాకా వీడియో గేము ఆడేవాడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. ఒకడు పడిపోయేదాకా కొట్టుకోవడమే తప్ప కథా లేదు, కమామిషూ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళవాడికి ఇదేం పిచ్చి అనుకున్నాను. కానీ మావారు పోయిన నాలుగో నెలలో మొదలైన పిచ్చి అది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ ఇంట్లో మనుషులున్నట్టు ఉండేది. అందుకని ఏమీ అనలేదు.

అత్తగారు మాత్రం ముందుగదిలోంచి కేకేసేవారు.

"ఎవణ్ణి చంపుతున్నాడే వాడు, పట్టపగలు?"

"చంపడం కూడానా అత్తయ్యా, మీ అబ్బాయే చస్తున్నాడు!" అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నాలుక కొరుక్కుంటాను.

ఆట నేర్పింది మందుల షాపాయన. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోయినా "బావా" అని పిలుచుకుంటారు. ఎన్నాళ్ళకి చేయి తిరుగుతుందని మరిది అడిగితే, మా ఇంట్లోనే కూర్చుని ఆయన చెప్పాడు.

"మొదటి మూడు నెలలూ బొత్తాలు నొక్కుతావు. తర్వాత ఆర్నెల్లు తన్నులు తింటావు. ఏడాదికి కాచుకోవడం వస్తుంది. రెండేళ్ళకి నీ బొమ్మని చూడ్డం మానేసి ఎదుటివాణ్ణి చూస్తావు. అప్పుడు మొదలైనట్టు. నాకు మూడేళ్ళు పట్టింది. నువ్వు ఐదేళ్ళు పెట్టుకో."

"నాకెందుకు ఐదు?"

"నీ మొహం చూసి చెప్పాను బావా."

ఏడాదిలో ఒక్కసారైనా నిన్ను ఓడిస్తానని మరిది మీసం మెలేశాడు. ఆ రోజునుంచి సాధన. ఎగిరి మీదికొచ్చేవాణ్ణి కిందినుంచి కొట్టే దెబ్బ ఒకటుంది. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలితో బొడిపెను ముందుకీ, కిందికీ, మూలకీ తిప్పి, కుడిచేత్తో బొత్తం నొక్కాలి. ఇదంతా రెప్పపాటులో జరగాలి. రోజుకి వందసార్లు అదే దెబ్బ. అతని కళ్ళు తెరమీద ఉంటాయి కనుక లెక్క రాసే పని నాకు అప్పజెప్పాడు. నాకొచ్చిన చదువుకి అది చాలు. తగిలితే నిలువు గీత, తప్పితే సున్నా.

మొదటి నెలలో నూటికి ముప్పై పడేవి. ఆరో నెలకి డెబ్బై. ఎనిమిదో నెలలో ఒకరోజు ఎనభై ఆరు పడితే, "వదినా, బావ పని అయిపోయింది!" అని చిన్నపిల్లాడిలా గంతేశాడు.

పదో నెలలో డెబ్బై ఐదుకి దిగింది. ఆ తర్వాత అరవై తొమ్మిది.

అతను మెకానిక్కు కదా, కంట్రోలర్ మీద అనుమానపడ్డాడు. విప్పి బొడిపె మార్చాడు. వారం తర్వాత మళ్ళీ విప్పి లోపలి స్ప్రింగు మార్చాడు. మూడోసారి విప్పుతుంటే మర ఒకటి జారి బల్లకింద పడింది. వెతుకుదామని నేనూ వంగాను. దీపం కింద అతని ఎడమచేయి కనిపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడింది.

ఆ గుంట నేను ఎరుగుదును. మావారి చేతిలో చూశాను.

మావారు లిఫ్టుల మెకానిక్కు. ఆయనకి మొదట వీధితలుపు తాళం తిరగలేదు. నూనె వేశాం. తర్వాత తాళమే మార్చాం. అలా ఐదు నెలలు పోగొట్టుకుని అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాం. నరాలు ఎండిపోయే జబ్బన్నారు. రెండేళ్ళలో చేతులు, కాళ్ళు, మాట, మింగడం, ఊపిరి, ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. చివర్లో పెద్ద డాక్టరు నన్ను ఒక్కదాన్నే పిలిచి చెప్పాడు. "కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలోనే వస్తుందమ్మా. ఇంకెవరికైనా చేతిపట్టు తప్పితే ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకండి. ముందే మందు మొదలుపెడితే కొంతకాలం నెమ్మదిస్తుంది." ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి మిగిలింది ఈ ఒక్క కొడుకు. ఏ నోటితో చెప్పను?

మర్నాడు వందా అయ్యాక, "ఎంత వదినా?" అన్నాడు.

అరవై ఒకటి. నా నోట్లోంచి "డెబ్బై తొమ్మిది" అని వచ్చింది.

"అన్ని పడ్డట్టు అనిపించలేదే!"

"లెక్క నాదా నీదా?" అన్నాను.

నవ్వాడు. పెన్ను కూడా నోటికి తోడైంది. సున్నాలు పెట్టాల్సిన చోట గీతలు పెట్టాను. ఇరవై మూడు రోజులు అలా పెట్టాను. పుస్తకంలో అతను ఎనభై దాటాడు. వంటింట్లో అతని చేతిలోంచి రెండు గ్లాసులు జారిపోయాయి. చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ గాజుముక్కలు ఊడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం మందుల షాపాయన తన కంట్రోలర్ పట్టుకుని వచ్చాడు. మరిదే పిలిచాడు, పుస్తకం చూపించి మరీ.

"ఎనభై నాలుగా! డాక్టరుగారూ, ఇక నాకు ఆపరేషనే అన్నమాట."

ఏడు ఆటలు ఆడారు. ఏడూ మరిది ఓడిపోయాడు. ఆయన గాల్లోకి ఎగిరిన ప్రతిసారీ కిందినుంచి లేవాల్సిన దెబ్బ లేవలేదు. మొదట్లో ఎగతాళి చేసిన మనిషి రానురాను మాట తగ్గించేశాడు.

"బావా, వేసవిలో ఇంతకన్నా బాగా ఆడేవాడివి."

"కంట్రోలర్‌లో ఏదో ఉంది."

"నాది తీసుకో."

దానితోనూ అంతే. ఆయన ఏదో నొక్కితే, మనం ఏవైపు తిప్పామో తెరపక్కన బాణం గుర్తులు పడటం మొదలైంది. ముందుకు బాణం పడింది. మూలకి బాణం పడింది. కిందికి వెళ్ళే బాణం పడలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. పడలేదు.

"ఇది ఆటలో తప్పు కాదు, వేలు కిందికి పోవట్లేదు. రేపు ఎవరికైనా చూపించుకో," అని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆయన వెళ్ళాక మరిది లెక్కపుస్తకం తీశాడు. ఒక పేజీలో గీతల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇవి ఎవరు పెట్టిన గీతలు వదినా?"

"నేనే," అన్నాను. "తప్పినవి కూడా తగిలినట్టు రాశాను. ఇరవై మూడు రోజులు."

"ఎందుకు?"

డాక్టరు మాట మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ ముందుగది వైపే చూశాను. అత్తగారు నిద్రలో ఉన్నారు. అతను అరుస్తాడనుకున్నాను, పుస్తకం విసిరికొడతాడనుకున్నాను. అలా ఏమీ చెయ్యలేదు. కంట్రోలర్ తీసుకుని చాప మీద కూర్చున్నాడు.

"ఈసారి ఉన్నదున్నట్టు రాయి."

వందసార్లు కొట్టాడు. ఉన్నదున్నట్టు రాశాను.

"ఎంత?"

"నలభై మూడు."

తల ఊపాడు. కంట్రోలర్ కింద పెట్టి ఎడమచేయి నాముందు చాపాడు.

"అన్నయ్యకి ఎక్కడ మొదలైంది?"

బొటనవేలి మొదట్లో ఆ గుంట మీద వేలు పెట్టాను. అతను చెయ్యి కదపలేదు. నా వేలికింద కండ మాత్రం దానంతట అదే సన్నగా అదురుతూనే ఉంది.