గేటు దగ్గర నర్సమ్మ పెద్దమ్మ

జామాయిల్ కట్టెల పొగ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. మొన్న శనివారం మా అమ్మాయి మేఘన పెళ్ళికి చోటు చూడటానికి కొండల్లో ఉన్న ఒక రిసార్టుకి వెళ్ళాం. చెరువు, గుర్రాలు, అప్పుడే కోసిన పచ్చిక, రాతిగోడల చిన్న చిన్న ఇళ్ళు. వెనక వంటశాల వైపు నుంచి ఆ పొగ వచ్చింది. అంతకుముందే గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మా పేర్లు తన ఫోనులో వెతికి, అవి కనిపించాక గాని అడ్డకర్ర పైకెత్తలేదు. పెళ్ళినాడు కూడా ఇలాగేనా అని అడిగాను. పేరు లేనివాళ్ళెవరూ లోపలికి రారు సార్, మీరు నిశ్చింతగా ఉండొచ్చు అన్నాడు. నా నిశ్చింత అక్కడే పోయింది. మేఘన నా మొహం చూసి, "ఏంటి నాన్నా, నచ్చలేదా?" అంది. చోటు నచ్చింది. అయినా మనసెందుకు ఒప్పలేదో చెప్పాలంటే నర్సమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలి.

ఈ దేశంలో నల్లవాళ్ళతో సహా అందరూ మొదటిసారి ఓట్లు వేసి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది నేను విజయనగరం నుంచి వచ్చాను. ప్రాస్పెక్టన్‌లోని కార్ల ఫ్యాక్టరీలో, రంగులు వేసే విభాగంలో ఇంజనీరు ఉద్యోగం. ఫ్యాక్టరీ డర్బన్‌కి దక్షిణాన ఉంటే నేను అద్దెకి దిగింది ఉత్తరాన, వెరులం పక్కన ఉన్న ఒట్టావా అనే చిన్న ఊళ్ళో. బుద్ధున్నవాడెవడైనా అంత దూరం పోతాడా అని తోటివాళ్ళు నవ్వారు. అక్కడొక ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దావిడ ఉందని ఎవరో అన్నారు. అంతే, పెట్టె పట్టుకుని వెళ్ళి ఆవిడ ఇంట్లోనే దిగిపోయాను. ఆవిడ తాతముత్తాతలు చెరుకుతోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఏ ఊరి నుంచో ఆవిడకి తెలియదు. ఆవిడ మాటల్లో సగం ఇంగ్లీషు, కొంత ఇక్కడి నల్లవాళ్ళ జూలూ భాష, మిగతాది మా నాయనమ్మ కూడా మరిచిపోయిన తెలుగు. రోడ్డంతా ఆవిడని నర్సీ ఆంటీ అనేది. నేనూ అలాగే పిలవబోతే కసిరి పారేసింది. "ఆంటీ ఏటి, ఆంటీ! ఆంటీ అనడానికి హోల్ రోడ్ ఉన్నాది. నువ్వు తెలుగోడివి కాదా? పెద్దమ్మా అను." నేను పెద్దమ్మా అన్నాను. ఆవిడ కన్నుమూసేదాకా అలాగే అన్నాను.

భర్త పోయాక పెద్దమ్మ పెళ్ళిళ్ళకి వంటలు చేసేది. తోడు థోకో అనే జూలూ ఆవిడ. వాగు అవతల ఉండేది. అప్పటికి పాతికేళ్ళుగా ఇద్దరూ కలిసి గుండిగలు మోస్తున్నారు. రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటూ పనిచేసేవారు, ఒకరు లేకుండా రెండోవారు తినేవారు కాదు. నేను వండుకున్న చారు రుచి చూసి ఇద్దరూ ఒకేసారి మొహం చిట్లించినప్పుడు నాకు ఈ దేశంలో ఇల్లు దొరికిందనిపించింది.

వచ్చిన కొన్నాళ్ళకే మా ఊళ్ళో ఉన్న వసుధతో పెళ్ళి కుదిరింది. ముహూర్తం పెట్టాక చిక్కొచ్చి పడింది. నా ఉద్యోగపు పర్మిటు గడువు పొడిగింపుకి వెళ్ళింది. అది చేతికొచ్చేదాకా దేశం దాటొద్దు, దాటితే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు అని ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పేశారు. మరయితే పెళ్ళి ఇక్కడే చేసుకుందామని కాబోయే మామగారిని బతిమాలాను. ఆయన బ్యాంకు మేనేజరు. ఏ మాటైనా తూచి తూచి మాట్లాడతారు. "మా వైపు నుంచి నలుగురమే రాగలం నాయనా. నలుగురితో వచ్చి పరాయి దేశంలో తాళి కట్టించుకు పోతే దొంగపెళ్ళిలా ఉంటుంది. పందిరి ఉండాలి, అగ్నిహోత్రం ఉండాలి, పదిమంది ఉండాలి. అలాంటి చోటు చూసి ఆదివారం చెప్పండి. లేదంటే మీ పర్మిటు వచ్చాకే ఆలోచిద్దాం" అన్నారు. పర్మిటు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. పైగా ఇంట్లో ఇంకో సంబంధం మాట కూడా వినిపిస్తోందని వసుధ ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. ఆదివారంలోగా చోటు దొరక్కపోతే నా పెళ్ళి గోవిందా.

వెరులం గుడి హాలు అప్పటికే ఎవరికో ఇచ్చేశారు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటలు పేరు ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. ఆ మాట పెద్దమ్మకి చెబితే ఛీ కొడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళు వెలిగాయి. "ఆ హోటలా? నాను సిన్న గుంటప్పుడు మా అయ్యతోటి బీన్స్ బుట్టలు అట్టుకెళ్ళీవోళ్ళం. బ్యాక్ గేట్ కాడ నిలబెట్టి తీసుకునీవోళ్ళు. ఫ్రంట్ డోర్ ఎలాగుంటాదో సూడనేదు. ఇండియన్ పీపుల్‌కి నో, తెలుసా? ఎల్దాం అబ్బాయ్, రేపే ఎల్దాం" అంది. మర్నాడు ఆకుపచ్చ పట్టుచీర కట్టి, పువ్వులు పెట్టుకుని, నాకంటే ముందు కారెక్కి కూర్చుంది. పెళ్ళి నాదా ఆవిడదా అని నాకే అనుమానమొచ్చింది.

హోటలు ముందు తలుపు గాజుది. దానంతటదే తెరుచుకుంది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడవబోయి, మానేసి, లోపలికి నడిచింది. మేనేజరు మర్యాదస్తుడు, తెల్లాయన. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. నేను భయపడ్డవన్నీ ఒక్కొక్కటే అడిగాను. పచ్చికలో పందిరి వేసుకోవచ్చా? వేసుకోండి. హోమం? ఆరుబయటైతే అభ్యంతరం లేదు. బాజాలు? చీకటి పడేలోపు ఆపేస్తే చాలు. మా వంట మేమే చేసుకోవచ్చా? ఆయన కాస్త ఆలోచించి దానికీ ఒప్పుకున్నాడు. ఎదురుగా సముద్రం. మామగారు పీటల పక్కన నిలబడి ఆ అలల వైపు చూసి తలాడిస్తున్నట్టు నాకప్పుడే కనిపించింది. పెద్దమ్మ టీ చప్పరిస్తూ అన్నిటికీ తల ఊపుతోంది. చివర్లో మేనేజరు, వచ్చేవాళ్ళందరూ గేటు దగ్గర శుభలేఖ చూపించాలి, అది లేనివాళ్ళని మావాళ్ళు లోపలికి పంపరు, మీ క్షేమం కోసమే అన్నాడు.

"ఎవ్రీబడీ?" అంది పెద్దమ్మ.

అందరూనమ్మా, అన్నాడాయన.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. టీ చాలా బాగుందని ఆయనకి ఇంగ్లీషులో చెప్పింది. లేచి, అదే ముందు తలుపులోంచి, వచ్చినప్పటికంటే నెమ్మదిగా బయటికి నడిచింది. కారులో కూర్చున్నాక, "నాకు కావలసింది అయిపోయింది. ఫ్రంట్ డోర్‌లోంచి ఎల్లాను, ఫ్రంట్ డోర్‌లోంచి వొచ్చాను. ఫినిష్. పెళ్ళి ఇక్కడొద్దు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నిటికీ ఒప్పుకున్నాడు కదా పెద్దమ్మా! అందరికీ కార్డులిద్దాం. థోకోకి ముందే ఇద్దాం. ఇంకేం కావాలి? ఎల్లుండి ఆదివారం, మామగారికి నేనేం చెప్పను?" అని గట్టిగానే అరిచాను.

"అరవొద్దు. నాను సెప్పేది విను." ఆవిడ గొంతు మాత్రం పెరగలేదు. "నల్లోళ్ళ కాడ కాయితం నేకపోతే జైలే. థోకో వయసంతా ఆ కాయితం సూపించింది. రోడ్డు మీద సూపించు, బస్సుకాడ సూపించు. నా గేటు కాడికే పోలీసు వొచ్చీవోడు. యార్డ్‌లో ఆడమనిషి ఎవర్తి, కాయితం ఉందా అనీవోడు. ఉల్లిపాయిలు కోస్తా కోస్తా సెయ్యి తుడుసుకుని తెచ్చి సూపించీది. నాను పక్కనే నిలబడీదాన్ని, ఏటీ అననేదు. ఇప్పుడా కాయితం పోయింది. మల్లా నీ పెళ్ళికి కార్డు సూపించమంటావా? దానికొక్కదానికే కాదు. మా ఇంట్లో పెళ్ళంటే ఎవులొస్తారో నాకే తెలీదు. తెలిస్తే అది పెళ్ళేటి?"

ఆవిడ చెప్పింది నిజమే. కోపం మాత్రం తగ్గలేదు. ఇంటిదాకా కారు విసురుగానే నడిపాను. కారు దిగగానే ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పెరట్లో అటూ ఇటూ తిరిగి చూసి, "ఇక్కడే" అంది. అదొక ఏటవాలు పెరడు. మామిడిచెట్టు, నీళ్ళ ట్యాంకు, బట్టలారేసే తీగ. నాలుగు కుర్చీలు వేస్తే రెండు జారిపోయేలా ఉంది. పక్కింటి తమిళాయన పెరడు మాత్రం చదునుగా ఉంటుంది. మధ్యలో తీగ కంచె. పెద్దమ్మ కంచె దగ్గరికి వెళ్ళి ఆయన్ని కేకేసి, పెళ్ళికి కంచె తీసేస్తావా అని అడిగింది. ఆయన నా వైపు చూసి, "మిరపమొక్కలు తొక్కకుంటే తీసేసుకో" అన్నాడు. పనిముట్ల పెట్టె తనే తెచ్చాడు.

ఆదివారం ఫోనులో మామగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంటి పెరడు, టార్పాలిన్ పందిరి అన్నాను. "టార్పాలినా?" అన్నారాయన. పెద్దమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "అన్నయ్యా, నాను నర్సమ్మని. అబ్బాయికి పెద్దమ్మని. పందిరి నాను ఏస్తాను, నిప్పు నాను పెడతాను. పీపుల్ కావాలంటావా, నువ్వు వొచ్చి సూడు. తక్కువైతే పిల్లని ఎనక్కి తీసుకుపో. ఓకే?" అని పెట్టేసింది. వారం తర్వాత వాళ్ళు టిక్కెట్లు కొన్నారని వసుధ చెప్పింది. ఆ పెద్దావిడ ఎవరో గాని గట్టి మనిషి అన్నారట మామగారు.

పెళ్ళినాడు తెల్లారకముందే థోకో జామాయిల్ కట్టెలు పేర్చి గుండిగల కింద నిప్పు రాజేసింది. పప్పు, బీన్సు కూర, బంగాళాదుంపల కూర, వడలు, మనం రవ్వకేసరి అనీ వాళ్ళు సోజీ అనీ పిలిచే తీపి. మామగారు పట్టుపంచెలో వచ్చి ఆ టార్పాలిన్ని, బారుగా వేసిన అద్దె కుర్చీల్ని చూశారు. అన్నీ ఖాళీగా ఉన్నాయి. పెద్దమ్మ పన్నీటి చెంబు, గంధం గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

ఆ తర్వాత జనం రావడం మొదలుపెట్టారు. రోడ్డంతా వచ్చింది. గుడి భజనవాళ్ళు వచ్చారు, మసీదు పక్క వీధివాళ్ళు వచ్చారు, వాగు అవతల నుంచి థోకో వాళ్ళ చర్చి ఆడవాళ్ళు పాడుకుంటూ వచ్చారు. మా ఫ్యాక్టరీవాళ్ళు వచ్చారు. పెళ్ళెవరిదో తెలియక దారినపోతూ ఆగిన వ్యాను టాక్సీ డ్రైవరు, అందులో ఉన్న ప్రయాణికులందరితో సహా వచ్చాడు. ప్రతివాళ్ళకీ పన్నీరు చల్లి, చేతికి గంధం రాసి, "బువ్వ తిని ఎల్లు, ఆఁ?" అని లోపలికి తోసేది పెద్దమ్మ. కుర్చీలు చాలక జనం ఆ ఏటవాలు గట్టు మీద వరసల్లో కూర్చున్నారు. అందరికీ పీటలు బాగా కనిపించాయి. మామగారు నా దగ్గరికి వంగి, "వీళ్ళంతా ఎవరు నాయనా?" అన్నారు. తెలియదండీ అన్నాను. ఆయన కాసేపు చూసి, "పదిమంది అంటే నా ఉద్దేశం ఇది కాదు" అని మొదటిసారి నవ్వారు.

తాళి కట్టే వేళ పెద్దమ్మని పిలవమని మనిషిని పంపాను. ఇంకా జనం వస్తున్నారు, నేను రాను పొమ్మందట. గట్టిమేళం మోగగానే తలెత్తి చూశాను. అంత దూరాన, గేటు దగ్గరే నిలబడి, పిడికెడు అక్షింతలు మా వైపు విసిరింది. అవి మధ్యలో బాజావాళ్ళ మీద పడ్డాయి. వెంటనే ఎవరో ముసలాయన వస్తే అటు తిరిగి పన్నీరు చల్లింది. మా పెళ్ళి ఆల్బంలో ఆవిడ ఒక్క ఫొటోలోనూ లేదు. ఆ తర్వాత కంచె మళ్ళీ కట్టలేదు. మిరపమొక్కలు మాత్రం నాశనమయ్యాయి. తమిళాయన కలిసినప్పుడల్లా ఆ సంగతి నాకు గుర్తుచేసేవాడు.

నేను సెక్షన్ హెడ్‌నయ్యాక ఫ్యాక్టరీలో ఏడాది చివర విందు జరిగితే తలుపు దగ్గర నేనే నిలబడేవాణ్ణి. పెద్దసారు లోపల కూర్చోకుండా అక్కడేం చేస్తున్నాడని వింతగా చూసేవారు. పెద్దమ్మ పోయిననాడు నేను వెళ్ళేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. థోకో అక్కడ నిలబడి, వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుని లోపలికి పంపుతోంది. నన్ను చూసి ఏడవలేదు. "తిన్నావా?" అంది, తెలుగులో. నేనే ఏడ్చాను.

మొన్న రిసార్టు నుంచి తిరిగొస్తూ ఇదంతా మేఘనకి చెప్పాను. చోటు ఏదైనా నాకు ఫరవాలేదు, గేటు దగ్గర పేరు అడగకపోతే చాలు అన్నాను. మేఘన ఆలోచించి, "సరే, అలా ఒప్పుకునే చోటే వెతుకుదాం. కానీ గేటు దగ్గర ఎవరుంటారు నాన్నా? నువ్వు పీటల మీద ఉండాలిగా" అంది.

"కన్యాదానం అయ్యేదాకా ఉంటాను. అవగానే గేటు దగ్గరికి వెళ్ళిపోతాను. అక్షింతలు అక్కణ్ణుంచే వేస్తాను" అన్నాను.

"అంత దూరం నుంచి వేస్తే నా మీద పడవు."

"పడవు. మీ అమ్మ మీదా నా మీదా కూడా పడలేదు. ఇన్నేళ్ళయింది, బాగానే ఉన్నాం" అన్నాను.