కరివేపాకూ థర్మోస్టాటూ

ఆగస్టులో, ఈ ఎడారి దేశంలో మేముండే ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఏసీ ఆగితే నాకు మనుషులంటేనే పడదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఫ్లాట్‌లో ఏసీ ఆగింది, గోడ మీద దాన్ని నడిపే థర్మోస్టాట్ తెర నల్లబడిపోయింది. మావారు మూత తీసి బ్యాటరీల కోసం వెతికారు. అది కరెంటుతో నడిచేదట. బోర్డులో ఏసీ స్విచ్ దించి ఎత్తారు. ఫలితం లేదు.

"ఇది పోయింది. కొత్తది కొనాల్సిందే," అన్నారు.

"ముందు పైకి చూడండి!" అని అరిచాను. సీలింగులోంచి చుక్క చుక్కగా నీళ్ళు సోఫా మీద పడుతున్నాయి.

ఫోన్లో చదివితే అసలు సంగతి తెలిసింది. ఏసీ నీళ్ళు బయటికి పోకపోతే లోపలి స్విచ్ ఒకటి కరెంటు ఆపేస్తుందట. దాంతో థర్మోస్టాట్ కూడా ఆరిపోతుందట. నీళ్ళ పైపు వెంట బాల్కనీలోకి వెళ్ళాం. దాని మూతి నా కరివేపాకు కుండీలో మట్టిలోకి దిగి, పూడుకుపోయి ఉంది. మొక్కకి రోజూ నీళ్ళు పొయ్యమని నేను పోరుతున్నానని, ఆయనే పైపును అక్కడ పాతారు!

ఆయన పైపు పైకి లాగి మట్టి తీశారు. నీళ్ళు బుడబుడమంటూ కారిపోయాయి. కాసేపటికి థర్మోస్టాట్ వెలిగింది.

ఇక ఆయన్ని దులిపేద్దామని నోరు తెరిచాను. అంతలో మొక్క కంటబడింది. ఆ ఎండల్లోనూ నవనవలాడుతోంది.

"పైపు మళ్ళీ అక్కడే పెట్టండి," అన్నాను. "మట్టికి బెత్తెడు పైన."