వంపు కొమ్ముల మందలో నిటారు కొమ్ముల మగది

జంతుప్రదర్శనశాలలో ఆయన్ని అందరూ కొమ్ములాయన అంటారు. గుర్రమంత ఎత్తుండే పెద్ద జింకల పోషణంతా ఆయనదే. కొమ్ములు వెనక్కి వంగినవి, బల్లెంలా నిటారుగా ఉన్నవి, మెలితిరిగినవి. శాస్త్రవేత్తలు వీటన్నిటినీ ఒకే కుటుంబంలో వేశారు గానీ, అందులో దేని జాతి దానిదే. ఓరిక్స్ అనే పేరుతోనే ఇక్కడ రెండు జాతులున్నాయి, ఒకటి వంపు కొమ్ములది, ఒకటి నిటారు కొమ్ములది. ఇంటిపేరు ఒకటైనా వాటిని కలిపి ఉంచకూడదు. ఆ మాట చూడవచ్చినవాళ్లకి గొంతు చించుకుని చెప్పేదీ ఆయనే.

నిటారు కొమ్ముల ఓరిక్సుల్లో చివరికి ఒక మగది మిగిలింది. పొద్దస్తమానం కంచెకి మొహం ఆనించి నిలబడేది. చూసి చూసి, ఒక మధ్యాహ్నం ఈయన గేటు తీసి దాన్ని పక్కనున్న వంపు కొమ్ముల ఆడవాటిలోకి వదిలాడు. సాయంత్రానికి మళ్లీ దాని చోటికి తోలేశాడు. జాలిపడ్డాడు, కాదనను. బుర్ర మాత్రం ఎక్కడ పెట్టుకున్నాడో!

దూడ పుట్టింది. ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి చూపించి మురిసిపోయాడు. తల్లీదూడల్ని వాటి సొంత ఎడారిలో వదలాలని అప్పటికే అనుకున్నారు. తీరా దూడ పెరిగేకొద్దీ తల్లికి లేని నలుపు, ఆ మగదానికున్న నలుపే, దాని కాళ్ల మీద తేలింది.

"ఇది ఏ జాతిలోకీ రాదయ్యా. దీన్ని పంపడం కుదరదు," అన్నాడు పశువుల డాక్టరు. "మగది అందులోకి ఎలా వెళ్లింది?"

"కంచె దూకిందేమో సార్. అక్కడ తీగ వదులుగా ఉండేది."

తీగ బిగించేది కొమ్ములాయన బావమరిదే. ఆ పనిలో పెట్టించిందీ ఈయనే. మర్నాడే అతని ఉద్యోగం ఊడింది. కొమ్ములాయన తలొంచుకుని జింకలకి మేత వేసుకుంటూ పోయాడు.

ఆదివారం భోజనాల వేళకి బావమరిది ఇంటికొచ్చాడు.

"బావా, గట్టిగానే బిగించాననుకున్నా. ఎక్కడో ఏమరుపాటు పడుంటా. నీ దూడని ఎటూ కాకుండా చేశాను. నీ పరువూ తీశాను."

"చిన్నప్పట్నుంచీ వీడింతే! ఏ పని చెప్పినా సగమే," అని అక్క వంటింట్లోంచి అరిచింది. "మీరైనా గడ్డి పెట్టండి వీడికి!"

కొమ్ములాయనకి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"పోనీలేరా. నేనేం మనసులో పెట్టుకోలేదు," అన్నాడు.

బావమరిది కళ్లు తుడుచుకుని, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.