మల్లయ్య మేస్త్రీ నెత్తినేసుకున్న తప్పు

ఈ వారం మా ఆఫీసు ప్రహరీకి సున్నం వేస్తున్నారు. పొద్దున డ్రమ్ములో నీళ్లు పోయగానే సున్నం సలసల ఉడికింది, ఆ ఘాటు కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చింది. ఫైలు మూసి బయటికి వెళ్లిపోయాను. ఏమైందని అటెండరు అడిగితే జలుబని చెప్పాను. నిజానికి ఆ వాసనకు నాకు మల్లయ్య మేస్త్రీ గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే నలుగురిలో తలెత్తుకుని కూర్చోలేను. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయన గురించి రాసే అర్హత నాకు లేదు, కానీ రాయగలిగిన వాళ్లు ఇంకెవరూ లేరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కల్వకుర్తి నుంచి దేవరకొండ వైపు పోయే ఒక రోడ్డును వెడల్పు చేసే పనికి నన్ను ఇంజనీరుగా వేశారు. కొత్త ఉద్యోగం, కొత్త బండి, నల్ల కళ్లద్దాలు. నా అంతటి వాడు ఆ మండలంలో లేడని నా నమ్మకం. మల్లయ్య అక్కడ రాతి పని చూసే మేస్త్రీ. అరవై దాటిన బక్కపలచటి మనిషి. ఆ రోడ్డు పొడవునా ప్రమాదాల్లో పోయినవాళ్ల గుర్తుగా ఇంటివాళ్లు కట్టుకున్న గద్దెలు ఉండేవి. మోకాలెత్తు సిమెంటు దిమ్మె, దాని మీద పేరు, పింగాణి బిళ్ల మీద ఫొటో. నా నక్షాలో వాటన్నిటికీ ఒకటే పేరు: అడ్డంకులు.

మల్లయ్య మాత్రం జేసీబీ కంటే రెండు రోజులు ముందు నడిచేవాడు. చాయ్ హోటల్లో కూర్చుని, ఈ గద్దె ఎవరిది, వాళ్లు ఏ ఊళ్లో ఉంటారు అని వాకబు చేసేవాడు. కబురు పంపి పిలిపించి, ముందుగా ఆ ఇంటివాళ్ల చేతనే గద్దెకు గడ్డపార ఆనించేవాడు. తర్వాత తాను దిమ్మెను పగలకుండా పెకిలించి, కొత్త రోడ్డు అంచు అవతల, పాత చోటుకు సరిగ్గా ఎదురుగా, ముఖం రోడ్డు వైపే ఉండేలా నిలబెట్టేవాడు. ఒకసారి విసుగొచ్చి అడిగాను, వీళ్ల సమాధులు పొలాల్లో ఉండగా ఇక్కడ ఈ దిమ్మెలెందుకని.

"మనిషిని పొలంల పెట్టిండ్రు సారూ. పాణం గీడ పోయింది," అన్నాడు. "తల్లి ఎతుక్కుంట వచ్చేది గీ జాగకే. మనం జరిపితే ఆమెకు చెప్పి జరపాలె. చెప్పకుంట జరిపితే కొడుకు రెండోసారి పోయినట్టే గద."

నేను నవ్వి ఊరుకున్నాను.

పని సగానికి వచ్చాక ఎల్లమ్మ కొడుకు గద్దె దగ్గర ఆగాం. ఇరవై రెండేళ్ల పిల్లవాడు, పేరు శ్రీను. పత్తి అమ్ముకుని బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఎల్లమ్మ కూలికి హైదరాబాదు పోయింది. పెత్రామాసకు, అంటే పోయినవాళ్లకు ఇష్టమైనవి వండిపెట్టే అమావాస్య నాటికి, వచ్చి గద్దెకు సున్నం వేస్తుందని ఊళ్లో చెప్పారు. మల్లయ్య తన కూతురి ఇంటికి బయల్దేరుతూ నాతో అన్నాడు, "నాలుగు రోజులే సారూ. ఆ తల్లి వచ్చేదాంక దాని జోలికి పోకుండ్రి."

మర్నాడు పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారని ఫోన్ వచ్చింది. ఆ కొద్ది మేర పని ఆగిపోయి కనిపిస్తే నాకు చిన్నతనమనిపించింది. జేసీబీ డ్రైవరు తటపటాయించాడు. "మేస్త్రీ వచ్చినంక తీద్దం సార్," అన్నాడు. "ఇక్కడ ఇంజనీరు నేనా, మేస్త్రీనా?" అన్నాను. ఒక్క తోపుకు గద్దె మూడు ముక్కలైంది. ముక్కలు రోడ్డంచు మట్టిలో కలిసిపోయాయి. తనిఖీ బాగా జరిగింది, నన్ను మెచ్చుకున్నారు. జేసీబీ ఇంకో పనికి వెళ్లిపోయింది.

పెత్రామాస పొద్దున మల్లయ్య తిరిగొచ్చాడు. మట్టి తవ్వి ఫొటో బిళ్ల వెతికి, కడిగి, తన కండువాతో తుడుస్తున్నాడు. అప్పుడే ఎల్లమ్మ వచ్చింది. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా, వెనక ఊరివాళ్లు పది మంది. ఖాళీ జాగా చూసి కూలబడింది. "ఎవలు తీసిండ్రు నా కొడుకును?" అంది.

మల్లయ్య వైపు చూశాను. నేను చేసింది అంతే, ఒక చూపు. ఆ చూపు ఏం అడుగుతోందో ఆయనకు అర్థమైంది.

"నేనే తీయించిన తల్లీ. తప్పయింది," అన్నాడు.

ఫొటో ఆయన చేతిలోనే ఉంది కాబట్టి అందరూ నమ్మారు. ఎల్లమ్మ బకెట్టు ఎత్తి ఆ సున్నం నీళ్లు ఆయన మీద పోసింది. ఆయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కొత్త గద్దె కడతానంటే ఆమె ఆయన్ని చేయి పెట్టనివ్వలేదు. నేను ఇంకో మేస్త్రీని తెచ్చి కట్టించాను. "నీ కడుపు సల్లగుండ సారూ," అని ఆమె నన్ను దీవించింది. ఆ దీవెన తీసుకున్నాను. వాళ్లింట్లో చాయ్ కూడా తాగాను.

తర్వాత ఎప్పుడో ఆయనకు క్షమాపణ చెప్పబోయాను. "పోనియ్ సారూ, ఆమెకు కోపం పెట్టుకునేతందుకు ఒక మనిషి గావాలె," అన్నాడు. ఆ మాట నాకు భలే సుఖంగా అనిపించింది. ఏళ్ల తరబడి దాన్నే అడ్డం పెట్టుకున్నాను. ఈలోగా ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గద్దెల పనికి ఆయన్ని పిలవడం మానేశారు. నేనేమో ఏ రోడ్డు పనికి వెళ్లినా జేసీబీ కంటే ముందు నడుస్తూ, గద్దెల వాళ్లను పిలిపించి, వాళ్ల చేతనే గడ్డపార ఆనిస్తున్నాను. మా శాఖలో దాన్ని నా పద్ధతి అంటారు. కాదని నేను ఎన్నడూ చెప్పలేదు.

మల్లయ్య పదకొండో రోజుకు వెళ్లి, అక్కడి నుంచి ఎల్లమ్మ ఇంటికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె బియ్యం చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఆయన బతికుండంగ చెప్తే ఏమైతుండె?" అంది.

ఆమే మళ్లీ అందుకుంది.

"నా పెద్దబిడ్డ కూతురి పెండ్లికి వచ్చిండు సారూ. గడప దాంక వచ్చిండు. నీ మొకం సూడ అని అందరి ముందట ఎల్లగొట్టిన. ఏమనకుంట పోయిండు." ఆమె గడప వైపు చేయి చూపింది. "గిప్పుడు నేనెవ్వరి కాళ్లు పట్టుకోవాలె?"

ఇన్నేళ్లూ ఆ తప్పు నా ఒక్కడిదే అనుకున్నాను. ఆమె చేత కూడా ఒక తప్పు చేయించానని, దాన్ని దిద్దుకునే దారి కూడా ఆమెకు లేకుండా చేశానని అప్పుడు తెలిసింది. క్షమించమని అడగడానికే వెళ్లాను. ఆ మాట అడగకుండానే లేచి వచ్చాను.