బడికీ ఇంటికీ నడుమ ఒక అవ్వ

అవ్వ పోయిందన్న సంగతి నాకు ఎమ్మిగనూరు బస్సులో తెలిసింది. నేను పాఠాలు చెప్పే బడి అక్కడే. ఫోన్ చేసింది రేణుక. "అక్కా, అవ్వ లేదక్కా. పొద్దున కాఫీ తాగి అట్లే గోడకు ఒరిగిందంట" అని ఏడ్చింది. తర్వాతి స్టాపులో దిగి, ఆదోనికి తిరిగిపోయే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాను. పక్క చేలో ఆడవాళ్ళు పత్తి తీస్తూ ఏదో మాటకు పెద్దగా నవ్వుకుంటున్నారు. నాకెందుకో వాళ్ళ మీద కోపమొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసిన ఇంటి ఇల్లాలు. మా అమ్మానాన్నలు పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులో కూలీలు. పెద్దవాళ్ళు ఆమెను శెట్టెమ్మ అనేవాళ్ళు. మా వీధి పిల్లలకు మాత్రం అవ్వ.

ఆమె భర్త పోయాక వ్యాపారం తగ్గి, ఇంటి పక్కనున్న వాళ్ళ గోడౌను ఖాళీ అయింది. మేం గోడ దూకి అందులో ఆడుకునేవాళ్ళం. ఒకరోజు చీపురు పట్టుకొని అందరినీ తరిమింది. వీధి చివరిదాకా పరుగెత్తి వెనక్కి చూస్తే, చీపురు కింద పెట్టి ఎండలో మమ్మల్నే చూస్తూ నిలబడి ఉంది. కాసేపటికి చేయి ఊపి పిలిచింది. "ఈ ఎండకి యాడికి పోతారప్పా? రాండి, ఈడనే ఆడుకోండి. గోడ ఎందుకు దూకేది, తలుపుండాది కదా" అంది.

అలా మొదలైంది. బడి వదిలాక అక్కడికే పోయేవాళ్ళం. మిల్లు నుంచి అమ్మలు వచ్చేదాకా అక్కడే. వేసవి సెలవుల్లోనైతే పొద్దుటినుంచే. మేం వచ్చేసరికి నేల మీద నీళ్ళు చల్లి, గోనెపట్టాలు పరిచి ఉంచేది. ఫీజు లేదు. కానీ ఊరికే రానిచ్చేది కాదు. ఇంట్లో ఉంటే గుప్పెడు వేరుశెనక్కాయలు తేవాలి. లేనివాళ్ళు వాటిని కడగాలి. అన్నీ ఒకే గిన్నెలో ఉడికేవి కాబట్టి ఎవరు తెచ్చారో ఎవరు తేలేదో తెలిసేది కాదు. ఆ పద్ధతి ఆమె ఎందుకు పెట్టిందో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

లెక్కలు చెప్పడానికి ఒక కాలేజీ అబ్బాయిని పెట్టింది. తనకు చదువు మీద అంత ధ్యాస లేదు. మాతో అష్టాచెమ్మా ఆడేది, అందులో దొంగాట ఆడేది. దొరికిపోతే, "ముసల్దాన్ని గెలవనీకుంటే మీకేం వస్తాది?" అని దబాయించేది. ఎవరైనా ఆలస్యంగా వస్తే లెక్కల సారు కసిరేవాడు. అవ్వ అడ్డుపడేది. "వచ్చినాడు కదా సారూ, అది సూడు ముందు" అనేది.

ఆడపిల్లలు పెద్దవాళ్ళయ్యాక రావడం మానేస్తుంటే, గోడౌను వెనక గది మాకోసం ఖాళీ చేయించింది. ఆ గదిలో చదువుకున్నదానికంటే నవ్వుకున్నదే ఎక్కువ. ఒకరి అమ్మ వచ్చి, "ఇంత ఇంత పిల్లలు ఇట్ల పకపకా నవ్వితే ఎట్ల శెట్టెమ్మా?" అని అడిగింది. "నవ్వితే ఏం పోతాది? ఇంట్లో నువ్వు నవ్వనిస్తావా?" అంది అవ్వ. ఆ తల్లి ముందు బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వేసింది.

రేణుక ఆ గదిలో అందరికంటే గట్టిగా నవ్వేది. నాకంటే చిన్నది. తల్లి లేదు. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. రేణుక తొమ్మిది పాసై పదిలోకి రాబోతున్న వేసవిలో, అవ్వ పెద్ద కొడుకు గోడౌనును ఎరువుల వ్యాపారికి బాడుగకిచ్చాడు. అవ్వ ఒప్పుకుంది. బడులు తెరిచేలోపు వేరే చోటు చూస్తానని మాకు చెప్పింది. ఆ ఎండాకాలం మాకు పోవడానికి చోటు లేకపోయింది.

జూన్‌లో బడి తెరిచారు. రేణుక రాలేదు. అవ్వ నన్ను వెంటబెట్టుకొని వాళ్ళింటికి పోయింది. నాన్న అప్పుడే మూటలు మోసి వచ్చి గడపలో కూర్చొని ఉన్నాడు. బెంగళూరులో కట్టడం పనికి పోయిన చిన్నమ్మ దగ్గరికి పంపించానని, ఆమె చంటిబిడ్డను చూసుకుంటా ఉందని చెప్పాడు.

"పదో తరగతప్పా. పిలిపీ" అంది అవ్వ.

"ఆడనే సంబంధం కుదిరిందమ్మా" అన్నాడు. తర్వాత తల వంచుకొని, కోపం లేకుండానే, "నేను పొద్దున పోతే పొద్దుగూకి వస్తాను. ఒంటి ఆడపిల్లని ఇంట్లో ఇడిసి ఎట్ల పోవాల? అన్నేండ్లు మీ తావన ఉండాదని నిబ్బరంగా పోయినాను. ఈ ఎండాకాలం మీరు తలుపు మూసింటిరి కదా" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ దారంతా నా చేయి వదల్లేదు.

ఆ వారమే ఇంటి ముందు హాలులోని సోఫాలు, బీరువా వెనక గదుల్లోకి నెట్టించింది. కొడుకు కేకలేశాడు. "ఇది నా ఇల్లు. ఈడ పిల్లోళ్ళు కూచుంటారు" అని ఒక్క మాటతో తేల్చేసింది. ఆ తర్వాత ఆ తలుపు సాయంత్రం పూట మూయడం నేను చూడలేదు. చుట్టాలంతా ఉరుకుంద ఈరన్న గుడికి పోతుంటే, "నేనొస్తే పిల్లోళ్ళు యాడుండాల?" అని ఆగిపోయేది. నేను కాలేజీలో చేరాక అక్కడే చిన్నపిల్లలకు లెక్కలు చెప్పాను. పిల్లలు పెరిగారు, కొత్తవాళ్ళు వచ్చారు. అవ్వ మాత్రం దొంగాట ఆడటం మానేసింది. ఆడినా గెలుపు మీద మనసు పెట్టేది కాదు.

చాలా ఏళ్ళకు రేణుక ఆదోనికి తిరిగొచ్చింది. మొగుడు వదిలేశాడు. జిన్నింగు మిల్లులో పనికి కుదిరి, కూతుర్ని తీసుకొని అవ్వ దగ్గరికి వచ్చింది. ఆ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. అవ్వ తలుపు పట్టుకొని లేచి నిలబడింది.

"నన్ను తిట్టు రేణుకా" అంది.

"ఎందుకవ్వా తిట్టాల? నేనొచ్చేదాకా పాపను సూసుకో, సాలు" అని, బిడ్డను ముందుకు నెట్టి, మిల్లుకు ఆలస్యమవుతోందని రేణుక వెళ్ళిపోయింది.

అవ్వ ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత నాతో మెల్లగా, "తిట్టింటే బాగుండు" అంది. ఆ మాట నాలో ఇప్పటికీ మెదులుతూనే ఉంది. తప్పు నీ ఒక్కదానిదే కాదవ్వా, ఇంత ఊళ్ళో పిల్లలకు తెరిచిన తలుపు ఒక్కటే ఉండటం ఊరి తప్పు అని ఆమెకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పినా ఒప్పుకునేది కాదు.

దహనం అయ్యాక కొడుకులు ఇంటికి తాళం వేసి చిన్నాయన ఇంటికి పోయారు. ఇంటిని ఏం చేస్తారో ఇంకా అనుకోలేదట. మరుసటి రోజు నేను బడి నుంచి తిరిగొస్తూ ఆ వీధిలోంచి నడిచాను. పిల్లలు వచ్చి ఉన్నారు. రావద్దని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. అవ్వ ఇంటి ముందు పత్తి లారీ ఒకటి ఆగి ఉంటే, దాని నీడలో సంచులు ఒళ్ళో పెట్టుకొని వరసగా కూర్చున్నారు. రేణుక కూతురు ఒక చిన్నదానికి రెండో ఎక్కం చెప్పిస్తోంది. డ్రైవరు వచ్చి లారీ తీశాడు. నీడ వాళ్ళ మీదినుంచి జరుగుతూ జరుగుతూ వెళ్ళిపోయింది. పిల్లలు కళ్ళు చిట్లించుకున్నారు గాని, ఒక్కరూ లేవలేదు.