తడిక వేశాకే కూడు

"ఇంకెన్ని దినాలు బతుకుతాది లేక్కా" అనే మాట నా ఎదురుగా ఎవరూ అనకూడదు. కుక్క గురించే కాదు, మనిషి గురించైనా సరే. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బతికినన్నాళ్ళు బతుకుతుంది. బతికినన్నాళ్ళు దానికి ఇంత కూడు పెట్టడమే మన పని. ఎన్నాళ్ళని లెక్క చూసుకుని పెట్టేవాళ్ళు అసలు పెట్టకపోయినా నష్టం లేదు.

కళ్యాణదుర్గంలో నాకు బట్టలు కుట్టే అంగడి ఉంది. రవికలు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. కత్తిరించగా మిగిలిన పేలికలన్నీ ఒక గోతంలో కుక్కిపెట్టి, చలికాలం మొదట్లో ఊరి బయట కుక్కల షెడ్డుకు ఇచ్చి వస్తుంటాను. ఎవరో దయగలవాళ్ళు చందాలు వేసుకుని నడిపే షెడ్డు అది. బండ్ల కింద పడినవి, గజ్జి పట్టినవి, పెంచుకున్నవాళ్ళే వద్దని వదిలేసినవి అక్కడ ఉంటాయి. నేను పోయినప్పుడల్లా అన్నీ ఒక్కసారిగా అరుస్తాయి, చెవులు గళ్ళు పడతాయి. ఆ సంవత్సరం గోడవారగా చివరి ఇనుప జాలీ గూట్లో ఉన్న కుక్క మాత్రం అరవలేదు. తలైనా ఎత్తలేదు.

ఎర్రమట్టి రంగు కుక్క. రంగంటున్నానే గానీ సగం ఒంటి మీద బొచ్చే లేదు. డొక్కలు వీపుకు అంటుకుపోయాయి. కండ్లలో తెల్లటి పొర. గోళ్ళు కోసే దిక్కు లేక వంకర తిరిగి అరికాళ్ళలోకి దిగుతున్నాయి. ముందర స్టీలు గిన్నెలో పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది, దాని నిండా చీమలు.

షెడ్డు చూసుకునే అతన్ని పిలిచాను.

"ఏమప్పా, ఇది తినలేదే?"

"తినదక్కా. వచ్చినప్పటి నుంచి అంతే. రోజూ పొద్దన్నే గిన్నె పెడ్తాండాం, మూతి గుడక పెట్టదు. డాక్టరొచ్చి సూది ఏసినాడు, సెలైన్ ఎక్కిచ్చినాడు. ముసిల్దైపోయింది. ఇంకెన్ని దినాలు బతుకుతాది లేక్కా."

"యాడి నుంచి వచ్చింది?"

"కణేకల్ పక్క నుంచి ఎవరో గొర్రెలాయన తెచ్చి ఇడ్సిపోయినాడు. మంద అమ్మేసినాడంట."

గొర్రెలాయన అనగానే నా ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. మా నాయన బతుకంతా గొర్రెలు కాశాడు. మందకు కావలి ఉండే కుక్కకు మా వాళ్ళు కూనగా ఉన్నప్పటి నుంచే ఒక అలవాటు నేర్పుతారు. పగలు దానికి కూడు పెట్టరు. పొద్దు గూకి, గొర్రెలన్నీ దొడ్లోకి చేరి, తడిక మూసి కట్టిన తర్వాతే పెడతారు. గిన్నెలో పెట్టరు, బండ మీద సంగటి ముద్ద పెట్టి "ఊఁ, తిను" అంటారు. గొర్రెల దొంగలు మాంసంలో మందు కలిపి పడేస్తారు, గిన్నెలు చూపించి కుక్కను మచ్చిక చేసుకుంటారు. అందుకని కుక్క ఎవరి గిన్నెలోనూ మూతి పెట్టకూడదు. పగలు కడుపు నిండిన కుక్క నీడ వెతుక్కుంటుందని కూడా మా నాయన అనేవాడు. అలా పెరిగిన కుక్క ఆకలితో ప్రాణం పోతున్నా తడిక పడకముందు తినదు.

అలాంటి దానికి ఈ మహానుభావులు పొద్దున్నే గిన్నెలో అన్నం పెట్టి, తినలేదని సూదులు పొడిచారు.

"మీ ఇంట్లో గొర్రెలు లేవా?" అని అడిగాను.

"మా తాత కాలంలో ఉండెనక్కా."

"మీ తాత కుక్కకు పొద్దున్నే స్టీలు గిన్నెలో అన్నం పెట్టినాడా?"

అతను బుర్ర గోక్కున్నాడు. అప్పుడే కారులో ఒక కుటుంబం దిగింది. ఆమె ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, తెల్లగా బొచ్చు బొచ్చుగా ఉండే కుక్కపిల్ల ఏదైనా ఉందా, బర్త్‌డేకి కావాలి అని అడిగింది. ఈ ముసలిదాని జాలీ ముందు నుంచే పోయింది, కన్నెత్తి చూడలేదు. తెల్లబొచ్చు పిల్ల కూడా ఒకనాటికి ముసలిదవుతుంది తల్లీ, అప్పుడు నువ్వూ తెచ్చి ఇక్కడే పడేస్తావు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంటాయనకు ఫోన్ చేసి ఆటో తీసుకుని రమ్మన్నాను.

మా ఇంటాయన షేర్ ఆటో తోలుతాడు. అప్పటికే అందులో జనం ఉన్నారు. పేలికల్లో చుట్టిన కుక్కను నా ఒళ్ళో పెట్టుకుని ఎక్కేసరికి ఒకాయన అందుకున్నాడు.

"ఇదేందప్పా, కుక్కలతో పాటు కూసోవాల్నా మేము?"

"దిగిపోన్నా, వెనకాల ఇంకో ఆటో వస్తాండాది" అన్నాడు మా ఇంటాయన, వెనక్కి తిరిగి చూడకుండానే. ఆ పూట ఆయన మీద నాకు పెళ్ళినాటి కంటే ఎక్కువ ప్రేమ పుట్టింది. ఇంటి ముందు దిగాక మాత్రం, "మన మోకాళ్ళ నొప్పులు సాల్లేదని దీని మోకాళ్ళు గుడక తెచ్చినావామ్మే?" అన్నాడు.

ఆ సాయంత్రం పొద్దు గూకేదాకా ఆగాను. రాగి సంగటి వండి, మజ్జిగ పోసి మెత్తగా పిసికి, గడప పక్కన చిన్న పలకబండ మీద పెట్టాను. "ఊఁ, తిను" అన్నాను, అచ్చం మా నాయన అన్నట్టే. అది సంగటి వైపు చూసింది, నా వైపు చూసింది, వీధి వైపు చూసింది. తినలేదు. మర్నాడూ తినలేదు. వేలు ముంచి నాలుక మీద మజ్జిగ రాస్తే మింగింది, అంతే. షెడ్డు వాణ్ణి అన్ని మాటలన్నాను గదా, నాకు మాత్రం ఏం తెలిసిందని ఏడుపొచ్చింది.

మా ఎదురింటి అతనికి కొన్ని మేకలుండేవి. చెరువులో నీళ్ళు నిలిచి ఎన్నేళ్ళయిందో, ఆ చెరువులోనే కంపచెట్ల కింద తిప్పుకుని వస్తుండేవాడు. ఆ రోజు మేకలు కొంచెం ఆలస్యంగా, చీకటి పడే వేళకు వీధిలోకి వచ్చాయి. అంతవరకు చచ్చినట్టు పడున్న కుక్క లేచి నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. పడుతూ లేస్తూ వీధి దాటి, వెనకబడిన మేకపిల్ల తోక దగ్గరికి పోయి ముక్కుతో తోసింది. ఎదురింటతను కర్ర ఎత్తబోతే నేను పెట్టిన కేకకు వీధంతా బయటికొచ్చింది. మేకలన్నీ దొడ్లోకి పోయాయి. అతను తడిక మూశాడు. కుక్క తడికకు అడ్డంగా పండుకుని, అప్పుడు తల తిప్పి నా వైపు చూసింది.

నేను సంగటితో సహా బండ ఎత్తుకుని పరిగెత్తాను. దాని ముందు పెట్టి "ఊఁ, తిను" అన్నాను. తిన్నది. బండను నాకి నాకి తిన్నది. నేను వీధి మధ్యలో కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం.

తర్వాత దాని ఒంటికి వేపనూనె పట్టించాను, పశువుల డాక్టరు చేత గోళ్ళు కత్తిరింపించాను. బొచ్చు వచ్చింది. పగలంతా నా మిషన్ కింద పేలికల మీద నిద్ర, సాయంత్రం కాగానే ఎదురింటి మేకల డ్యూటీ. జీతం లేని కాపరి దొరికిందని అతను మురిసిపోయాడు.

ఆ మురిపెం వేసవిదాకే. ఆ ఏడు వానల్లేక శెనక్కాయ పోయింది. కాయ పోతే, కాయ తెంపాక మిగిలే ఎండు కట్టె కూడా పోతుంది, పశువులకు మేత ఉండదు. ఒకరోజు పొద్దున్నే సంతకు పోయే బండి వచ్చి ఎదురింటి దొడ్డి ముందు ఆగింది.

"మేత లేదక్కా, ఏం జేయల్ల? నీ కుక్క కోసరం మేకల్ని పెట్టుకుని నేను మన్ను తినాల్నా?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు లేదని తెలిసినా నాకు కోపం ఆగలేదు. ఎవరి కష్టం వాళ్ళకు నిజమే, కానీ ఆ నిజాలన్నీ తిరిగి తిరిగి నోరు లేనిదాని కూటి మీదికే ఎందుకు రావాలి? బండికి అడ్డం నిలబడి, ఒక మేకను దింపమన్నాను. చెవి తెగిన ముసలి మేక ఒకటుంటే అదే దింపాడు. అతను అడిగిందే ఇచ్చాను, బేరం ఆడలేదు.

మా ఇంటాయన మేకను చూసి తలమీద చేతులు పెట్టుకున్నాడు. "సన్యాసి గోచి కథ మాదిరి అయ్యిందే మన సంసారం. రేపు ఈ మేకకు తోడు కావాల అంటావు" అన్నాడు. అంటూనే పెరట్లో కంప నరికి చిన్న దొడ్డి కట్టి, తడిక అల్లాడు. వీధిలో వాళ్ళు నవ్వారు, కుక్కకు మేకను కొన్న మనిషి అని నాకు పేరు పెట్టారు. నవ్వుకోనీ. ఒక్క మేకైనా మందే అనుకుంది ఆ కుక్క. రోజూ దాన్ని దొడ్లోకి తోలి, తడిక పడ్డాక తినేది.

ఇక ఆయన వచ్చిన రోజు సంగతి. సాయంత్రం అంగడి కట్టేసి ఇంటికి వచ్చేసరికి గడప ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా, మెడలో కార్డు, చేతిలో టార్చిలైటు.

"అమ్మా, మా కుక్క మీ ఇంట్లో ఉండాదంట. షెడ్డు కాడ చెప్పినారు."

"మీ కుక్కేంది?"

"నాదేనమ్మా. నేనే ఇడ్సినా. ఇప్పుడు సోలార్ ప్లాంటు కాడ వాచ్‌మన్‌గా చేస్తాండా. మంచిగయింది అన్నారు, కావలికి తోడుగా తీసుకపోదామని వచ్చినా."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. ఈయనకు ఇంకో ఏరు అడ్డమొచ్చినట్టుంది, మళ్ళీ ఓడ మల్లయ్య గుర్తొచ్చాడు.

"తడిక ఏసేదాకా అది తినదని నీకు తెలుసునా, తెలీదా?" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"తెలిసి ఆడ ఇడ్సినావా? ఒక్క మాటన్నా చెప్పకుండా?"

"మేము మేపుకునే గుట్టంతా సోలారోళ్ళు కంచె ఏసుకున్న్యారమ్మా. గొర్రెల్ని అమ్మేసినా. ఆ దినం నుంచి ఇది తినల్యా. ఉట్టి దొడ్డికి తడిక ఏసి, బండ మీద సంగటి పెట్టి, తిను అన్న్యా. అది నా మొగం చూసింది." మెడలోని కార్డును జేబులోకి తోసుకున్నాడు. "నా కండ్ల ముందర సావకూడదని తీసకపోయి ఇడ్సినా."

"నీ కండ్ల ముందర సావకూడదు. ఇంకోళ్ళ కండ్ల ముందరైతే సావచ్చు. ఒక్క గొర్రెనన్నా పెట్టుకోలేకపోతివా?"

"ఒక్కదాన్ని పెట్టుకుంటే, నాకింకా మంద ఉండాదని నాకు గుడక అనిపిస్తాది గదమ్మా."

ఆ మాట నిజమే. అయినా నోరు ఊరుకోదు గదా. "సరే, తీసకపో. ఈ మేకను గుడక తీసకపో. అది లేకుంటే ఇది తినదు" అన్నాను.

"కంచె లోపలికి మేకను రానీరమ్మా. ఆ సోలార్ పలకల కింద గడ్డి మోకాలెత్తు ఉండాది. అయినా రానీరు."

"మరి ఆడ దీనికి పొద్దు ఎప్పుడు గూకుతాది పెద్దాయనా?"

ఆయన టార్చిలైటును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చీకటి పడుతోంది. కుక్క వచ్చి ఆయన కాళ్ళు వాసన చూసింది, తోక ఆడించింది. దాని తల నిమురుతూ ఆయనే అన్నాడు, "వద్దులేమ్మా, నీ కాడనే ఉండనీ. ఒక్కసారి నా చేత్తో పెట్టి పోతా."

ఇవ్వను అందామనుకున్నాను. లోపలికి పోయి సంగటి తెచ్చి ఇచ్చాను. ఆయన పిసికి, బండ మీద పెట్టి, గొంతుక్కూర్చుని "ఊఁ, తిను" అన్నాడు. కుక్క తినలేదు. మళ్ళీ అన్నాడు. తినలేదు.

"నా మీద కోపమొచ్చిందేమో" అన్నాడు ఆయన.

రావాలి, బాగా అయింది అనుకున్నాను. నిజంగానే నాకు కడుపు చల్లబడింది. ఇన్నాళ్ళకు అది తన నోటితో తానే తీర్పు చెప్పినట్టు అనిపించింది. అప్పుడు ఆయనే తల ఎత్తి పెరటి వైపు చూశాడు. మా అరుపుల మధ్య మేకను ఎవరూ తోలలేదు. తడిక తెరిచే ఉంది, మేక బయట గోడ పక్కన నిలబడి వేపాకు నములుతోంది. ఆయన లేచి పోయి, నాలుకతో చప్పుడు చేసి మేకను లోపలికి తోలి, తడిక మూసి తాడు బిగించి వచ్చాడు. వచ్చి ఇంకా కూర్చోనైనా లేదు, కుక్క తినడం మొదలుపెట్టింది.

దానికి ఆయన మీద కోపం లేదు. షెడ్డు మీదా లేదు, గుట్టకు కంచె వేసినవాళ్ళ మీదా లేదు. ఉన్న కోపమంతా నాదే. ఉండనీ, దానికి చేతకాని పని అదొక్కటే, దాని బదులు నేను చేస్తాను.