ఈద్ నాడు ముందు రాడ్డు మీద

2019 జూన్. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నా సైకిల్ షాపు. చుట్టూ పొలాలన్నీ వెంచర్లుగా మారుతున్న రోజులు. పొద్దున్నే నగరం నుంచి కుర్రాళ్లు ఖరీదైన సైకిళ్లేసుకుని చెరువు కట్ట మీదికి వచ్చేవారు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ నాకు రెండు పనులు బాగా వచ్చు: చక్రానికి వంకర తీయడం, మాటకి వంకర పెట్టడం. మా తాత సైకిల్ మీద కృష్ణా నది దాటాడనీ, చేపలు పక్కకి తప్పుకుని దారిచ్చాయనీ చెబితే నమ్మినవాళ్లు ఈ రోడ్డు మీద ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు చెప్పబోయేదాన్లో మాత్రం చేపల్లేవు.

యూసుఫ్ పక్క ఊరి కుర్రాడు, ఫ్యాక్టరీలో ఫిట్టర్. రాళ్లదారుల్లో తొక్కే కార్బన్ మౌంటెన్ బైక్ నగరంలో కొనుక్కున్నాడు. సర్వీసింగ్ నా దగ్గర. వానలు పడగానే అనంతగిరి కొండల్లో పోటీ. అందులో ముందు నిలిస్తే ఒక టీమ్‌లో చోటు దొరుకుతుంది, ఫ్యాక్టరీ షిఫ్టులు తప్పుతాయి.

రంజాన్ పండుగ మర్నాడు సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. టాప్ ట్యూబ్ మీద, అంటే సీటు నుంచి హ్యాండిల్ దాకా పోయే ముందు రాడ్డు మీద, వెంట్రుకంత చీలిక.

"ఏం చేశావురా?"

"అబ్బాను ఈద్గాకు తీస్కపోయిన అన్నా. కొత్త తెల్ల పైజామా తొడుక్కుండు, ముందల కూసోవెట్టుకున్న. చిన్నప్పుడు నన్ను గట్లనే బడికి తీస్కపోయేటోడు గదా. నడుమ టక్కుమన్నది. రాయి తగిలిందనుకున్నడు. ఆయనకు చెప్పకే."

కార్బన్ ఫ్రేమ్ ఇనుము కాదు, నార పొరల్ని జిగురుతో అంటించి చేసిన గొట్టం. తొక్కేవాణ్ని రాళ్లలో, గుంతల్లో బాగానే మోస్తుంది. కానీ టాప్ ట్యూబ్ గోడ పల్చన, పైనుంచి ఒకేచోట మనిషి బరువు పడితే నలుగుతుంది. ముందు రాడ్డు మీద మనిషిని ఎక్కించుకోవడం మనకెంత మామూలో దాన్ని తయారుచేసినవాళ్లకి తెలిసుండదు. అతుకు వేయించవచ్చుగాని, కొండ దిగేటప్పుడు దాన్ని నమ్మలేం. ఇక మిగిలింది వారంటీ. తయారీలో లోపం ఉంటేనే కొత్త ఫ్రేమ్ ఇస్తారు.

"మామూలు రోడ్డు మీద పోతుంటే దానంతటదే పగిలిందని చెప్పు. ఇంకో మాట వద్దు," అని నేనే నేర్పాను.

కంపెనీ తరఫున వివేక్ అనే అబ్బాయి చూడ్డానికి వచ్చిన రోజు, యూసుఫ్ తండ్రి ఖాసిం భాయ్ కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బోరు మోటార్లు బాగుచేసే మనిషి. వివేక్ రూపాయి బిళ్లతో రాడ్డు పొడుగునా తట్టి విన్నాడు. మంచి చోట టంగుమంది, చీలిక దగ్గర మొద్దుగా మోగింది.

"పొరలు సరిగా అంటుకోకపోయినా ఇలాగే అవుతుందండీ. లేదంటే రాడ్డు మీద ఎవరైనా కూర్చుని ఉండాలి. ఎవరూ కూర్చోలేదంటే ఫ్యాక్టరీ లోపమని రాసేస్తాను. కూర్చున్నారా?"

ఒక్క 'లేదు' చాలు, కొత్త ఫ్రేమ్ వచ్చేస్తుంది. కానీ ఖాసిం భాయ్ చేతిలో చాయ్ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. యూసుఫ్ అది చూశాడు. 'లేదు' అని చెబితే కంపెనీ నమ్ముతుంది. ఈద్ నాడు దాని మీద కూర్చున్న మనిషికి మాత్రం అది ఎవరి బరువుకి పగిలిందో తెలిసిపోతుంది.

"పడ్డ సార్," అన్నాడు. "రాళ్లల్ల. గట్టిగ కొట్టుకున్నది."

"పడితే వారంటీ రాదండీ. తెలుసు కదా?"

"ఎరుకే సార్."

వాడికి అబద్ధం అలవాటు లేదు. నేను అందుకున్నాను. "నా కళ్లతో చూశానండీ. చెరువు కట్ట మీంచి గాల్లోకి లేచాడు. పైన పోయే కొంగ బెదిరి పక్కకి జరిగింది. తీరా దిగే చోట నల్ల గేదె!"

వివేక్ నవ్వేసి సంచి సర్దుకున్నాడు.

ఖాసిం భాయ్ లేచాడు. "పడ్డవా? ఇంట్ల ఒక్క మాట చెప్పకపోతివి! కాళ్లు చేతులు ఇరిగితే ఎట్ల బిడ్డా?" అని తిడుతుంటే యూసుఫ్ తలొంచుకుని నిలబడ్డాడు.

పోటీ యూసుఫ్ లేకుండానే జరిగిపోయింది. ఆ తర్వాత ఒకరోజు ఖాసిం భాయ్ ఒక్కడే వచ్చాడు.

"సేటూ, గా గేదె ఎవలది?"

"ఏమో భాయ్. నల్లది."

"నల్లదేనా? తెల్ల పైజామా తొడుక్కోలే?"

చేతిలో పానా కింద పెట్టేశాను.

"టక్కుమన్నది నేను గూడ విన్న సేటూ. నాకెరుకైందని వానికి చెప్పకు. నా కోసం అంత పని చేసిండు, గట్లనే ఉండనీ."

ఇద్దరూ చెప్పొద్దన్నారు, ఇద్దరి మాటా నిలబెట్టాను. యూసుఫ్ ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడు. కొన్నాళ్లకి అల్యూమినియం సైకిల్ కొని, "ఎక్కు అబ్బా, ఇది ఇరగది" అని పిలిస్తే, నడిస్తేనే ఒంటికి మంచిదని ఖాసిం భాయ్ తప్పుకునేవాడట. "పడ్డ ముచ్చట దాచిన్నని ఇంకా కోపమున్నట్టుంది అన్నా," అని యూసుఫ్ నా దగ్గర చాలాసార్లు బాధపడ్డాడు. నేను టైరుకి గాలి కొడుతూ ఊరుకున్నాను.

కిందటేడు ఖాసిం భాయ్ పోయాడు.

ఇప్పుడు కార్బన్ సైకిల్ ఎవరు తెచ్చినా ముందు రాడ్డు మీద చెయ్యి వేసి, ఇక్కడ ఎవర్నీ కూర్చోబెట్టొద్దని చెబుతాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదే అని అనుకునేవాణ్ని. కానీ ఇన్నేళ్లూ అడగనివాళ్లకి కూడా కథలు చెప్పిన నేను, ఆ ఒక్కసారి యూసుఫ్‌కి నిజం చెప్పేసి ఉంటే, ఖాసిం భాయ్ ఇంకో నాలుగు పండుగలు కొడుకు సైకిల్ మీదే ఈద్గాకు వెళ్లేవాడు.